విచారణ లేని చెర
1933 ఫిబ్రవరి 28న జర్మనీలో పౌరహక్కులను రద్దుచేసే అత్యవసర ఉత్తర్వు వెలువడగా, మూడు వారాలకే బెర్లిన్‌కు చేరువలోని ఒరానియన్‌బుర్గ్ పట్టణ నడిబొడ్డున, మూతపడిన బీరు కర్మాగారంలో, నాజీ తుఫాను దళం కమ్యూనిస్టులనూ సోషల్ డెమోక్రాట్లనూ ‘రక్షణ నిర్బంధం’ పేరిట, అంటే నేరారోపణ గానీ విచారణ గానీ లేకుండా, బంధించడం మొదలుపెట్టింది. అలాంటి నాజీ శిబిరాల క్రౌర్యంతో స్వతంత్ర భారతంలోని నిర్బంధాన్ని సమానం చేయడం చరిత్రకు అన్యాయమే అయినా, విచారణ అక్కరలేని అధికారం ఎంత దూరం పోగలదో తెలియడానికి కృష్ణా జిల్లాలోని ఉంగుటూరు వాసి జర్మనీ దాకా చూడనక్కరలేదు. 1948 తర్వాత మద్రాసు రాష్ట్ర సాయుధ దళమైన మలబారు స్పెషల్ పోలీసులు ఆ జిల్లా పల్లెల్లో మకాం వేసి కమ్యూనిస్టుల కోసం ఇళ్లు గాలించారు. 1949 జూలైలో కాటూరు, యలమర్రు గ్రామాల్లో మగవారిని వివస్త్రులను చేసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. గాంధీ మరణించి అప్పటికి రెండేళ్లయినా కాలేదు. పట్టుబడినవారిలో ఎందరో డిటెన్యూలుగా, అనగా శిక్ష పడకుండానే చెరలో ఉంచిన రాజకీయ ఖైదీలుగా, మద్రాసు రాష్ట్రపు జైళ్లకు చేరారు. రాజ్యాంగం అమల్లోకి వచ్చిన పదహారు రోజులకు, 1950 ఫిబ్రవరి 11న, సేలం జైలులో కాల్పులకు 22 మంది కమ్యూనిస్టు ఖైదీలు బలయ్యారు. అదే నెలలో పార్లమెంటు నివారక నిర్బంధ చట్టాన్ని చేసింది. నిర్బంధంలో ఉన్న కమ్యూనిస్టు నేత ఎ.కె. గోపాలన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థిస్తూనే, నిర్బంధ కారణాలను న్యాయస్థానానికి సైతం చెప్పరాదన్న 14వ సెక్షన్‌ను మాత్రం కొట్టివేసింది. రాజ్యాంగం 22వ అధికరణలో ఆ అధికారం నేటికీ చెక్కుచెదరలేదు. స్వేచ్ఛను ప్రాణంగా ఎంచే ప్రజాస్వామ్యంలో దానికి చోటుండకూడదు.