లెక్కల గ్రూపు ఎందుకమ్మా అంటే

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం మన లైన్ ఇళ్లల్లో రెండు రకాల మనుషులు తిరుగుతారు. మిఠాయి పంచేవాళ్లు కొందరు, ఏజెంట్లు కొందరు. "పాపని మూడేండ్లు మిల్లుకి పంపండి, హాస్టల్లో భద్రంగా ఉంటుంది, కడాకి పెండ్లి ఖర్చుకి ఒకే మొత్తంగా డబ్బు చేతికొస్తుంది" అంటారు వీళ్లు. సుమంగళి పథకం అని పేరు పెట్టి తమిళనాడులో ఎన్నో ఏండ్లు నడిపించింది ఇదే. మన కారిమంగళం చుట్టుపక్కల ఈ మాట వినని తల్లి ఉండదు.

ఈసారి మా పక్కింటి పాపకి లెక్కల్లో 91 వచ్చింది. వాళ్లమ్మ నాతో పాటు రింగ్ ఫ్రేములో సైడు చూసిన మనిషి. ఏజెంటుని పంపించేసింది గానీ, సాయంత్రం నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"ప్లస్ వన్‌లో కామర్సు వేస్తే చాలదా అక్కా? లెక్కలు ఆడపిల్లకి కష్టం కదా. నాకే రాదు, దానికి ఎట్ల వస్తుంది?"

ఆ చివరి మాటకి నాకు కోపమొచ్చింది. "40 కౌంటు నూలు అంటే ఏందే?" అని అడిగినా.

"840 గజాలు ఒక హ్యాంకు. అట్లాంటివి 40 కలిపితే ఒక పౌను బరువు. దానికే 40 కౌంటు" అనింది, ఊపిరి తిప్పకుండా.

"60 కౌంటు అయితే?"

"ఇంకా సన్నం. అదే బరువుకి ఎక్కువ పొడుగు వస్తుంది కదా."

అంకె పెరిగే కొద్దీ దారం సన్నమవుతుంది. బడిలో దీన్నే విలోమానుపాతం అంటారు. ఆ పేరు ఆమెకి తెలీదు, అంతే. 40ని 840తో పెంచితే 33,600 గజాలు. అర కిలో కూడా లేని దూది నుంచి తీసిన దారం మన ఊరి నుంచి ధర్మపురి దాటి పోతుంది. ఇరవై ఏండ్లు హ్యాంకు మీటరు చూసి, షిఫ్టు చివర ప్రొడక్షన్ సరిగా రాశారా లేదా అని మనసులోనే లెక్కేసుకున్న మనిషి, నాకు లెక్కలు రాదు అంటుంది. ఎవరో ఒకరు చిన్నప్పుడు చెప్పి ఉంటారు. నేను చదివిన బడిలో లెక్కల సారు ఆడపిల్లల వరసని ప్రశ్నే అడిగేవాడు కాదు. అడగకపోతే రాదనే కదా అనుకుంటాం.

ఆ రోజు ఆమెకి చెప్పిన కథ మీకూ చెప్తాను. అయ్యలసోమయాజుల లలిత అని మన తెలుగావిడ, 1919లో మద్రాసులోనే పుట్టింది. 15 ఏండ్లకి పెండ్లి. 18 ఏండ్లకి భర్త పోయాడు, చేతిలో నాలుగు నెలల బిడ్డ. ఆ కాలంలో ఆమెకి మిగిలిన దారి ఏందో చెప్పక్కరలేదు. ఆమె మాత్రం గిండీ ఇంజనీరింగు కాలేజీలో చేరి, 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరు అయింది. మన దేశంలో మొదటి మహిళా ఇంజనీర్లలో ఒకరు. డిగ్రీ పత్రం మగవాళ్ల కోసమే అచ్చయి ఉండింది కాబట్టి, అందులో 'అతను' అన్న చోట కొట్టేసి 'ఆమె' అని దిద్ది ఇచ్చారు. తరువాత భాక్రా నంగల్ ఆనకట్ట పనిలో ఆమె చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల మహాసభకి పోయి వచ్చింది.

పక్కింటామె అంతా విని, "వాళ్ల నాయిన ఏం పని అక్కా?" అని అడిగింది. మంచి ప్రశ్న. వాళ్ల నాయిన అదే కాలేజీలో ప్రొఫెసరు. ఆయన పట్టుపట్టి చేర్చినాడు. మన బిడ్డలకి అట్లాంటి నాయిన లేడు, మిల్లులో బాబిన్లు మార్చే నాయిన ఉన్నాడు. కాబట్టి మనకి ఏం తలుపులు ఉన్నాయో మనమే తెలుసుకోవాలి.

మొదటిది, గ్రూపు. ఇంజనీరింగు సీటుకి కటాఫ్ 200కి వేస్తారు. అందులో లెక్కలకే 100, ఫిజిక్సుకి 50, కెమిస్ట్రీకి 50. ప్లస్ వన్‌లో లెక్కలు వదిలేస్తే ఆ తలుపు మూసుకున్నట్టే. లెక్కలు, బయాలజీ రెండూ ఉన్న గ్రూపు తీసుకుంటే డాక్టరు చదువుకి కూడా దారి ఉంటుంది. తరువాత మనసు మారితే కామర్సు వైపు పోవచ్చు, అటునుంచి ఇటు రావడమే కష్టం.

రెండోది చాలా ఇళ్లల్లో తెలీక పోగొట్టుకునేది. 6 నుంచి 12 దాకా ప్రభుత్వ బడిలోనే చదివిన పిల్లలకి 7.5 శాతం సీట్లు విడిగా పెట్టారు, మెడికల్‌లో 2020 నుంచి, ఇంజనీరింగులో 2021 నుంచి. ఆ కోటాలో సీటు వస్తే ఫీజు, హాస్టలు ఖర్చు ప్రభుత్వమే కడుతుంది. "పాప బాగా చదువుతుంది" అని అప్పు చేసి ప్లస్ వన్‌కి ప్రైవేటు బడికి మార్చేవాళ్లు ఈ హక్కుని చేజేతులా వదులుకుంటున్నారు. మన పక్క జిల్లాలో బర్గూరులో ప్రభుత్వ ఇంజనీరింగు కాలేజీ ఉంది. సూర్యుణ్ణి చూడటానికి 2023లో ఆదిత్య ఎల్1ని పంపిన ప్రాజెక్టుకి పెద్ద నిగార్ షాజీ, సెంగోట్టైలో పుట్టి తిరునెల్వేలి ప్రభుత్వ ఇంజనీరింగు కాలేజీలో చదివినావిడ.

డబ్బు సంగతి. తాళికి బంగారం ఇచ్చే మూవలూర్ రామామిర్దం అమ్మయ్యార్ పథకాన్ని మార్చి, 2022 సెప్టెంబరు 5 నుంచి పుదుమై పెణ్ అని చదువుకి ఇస్తున్నారు. ప్రభుత్వ బడిలో చదివి కాలేజీకో, డిప్లొమాకో, ఐటీఐకో పోయిన ఆడపిల్లకి నెలకి 1000 రూపాయలు, ఆమె పేరుమీద ఖాతాలోనే.

ఇంకొక మాట, ఇది తల్లులకి. ఆ పాపకి 91 వచ్చింది బిందెలు మోసి, అన్నం వార్చి, తమ్ముణ్ణి నిద్రపుచ్చిన తరువాత. తమ్ముడికి రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా పుస్తకం ముందు కూర్చోమంటాం, అదే రెండు గంటలు ఆమెకీ ఇవ్వండి. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ప్లస్ వన్ పుస్తకం ఇంగ్లీషు అయితే మొదటి మూడు నెలలు బిడ్డ తికమక పడుతుంది. దాన్ని చూసి "చెప్పినాను కదా, రాదని" అనొద్దు.

పక్కింటి పాప దరఖాస్తు నింపింది. లెక్కలు, బయాలజీ గ్రూపే. వాళ్ల నాయిన సంతకం ఇంకా పడలేదు. ఆయనకి ఈ వారం రాత్రి షిఫ్టు, పొద్దున ఏడున్నరకి ఇంటికొస్తాడు. టీ పెట్టే వేళకి నేను పోయి కూర్చుంటాను.