కొలువు కోసమేనా పరుగు?

మన హాస్టల్లో పరుగుకు ఒక సీజన్ ఉంది, మామిడిపళ్ళకు ఉన్నట్టే. పోలీసు నోటిఫికేషన్ వస్తుందని పేపర్లో ఒక మూల చిన్న వార్త పడితే చాలు, మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకే నల్లాల దగ్గర బకెట్ల చప్పుడు మొదలవుతుంది. నిన్నటిదాకా ఎనిమిదింటికి లేచి, టిఫిన్ అయిపోయిందని వంటమనిషితో గొడవ పెట్టుకున్న అన్నలు కూడా షూ లేసులు కట్టుకుంటూ కనిపిస్తారు. మూడు నాలుగు నెలలు ఇదే సందడి. ఈవెంట్స్ అయిపోతాయి. క్వాలిఫై అయినవాళ్ళు పుస్తకాల మీద పడతారు, కానివాళ్ళు మంచాల మీద పడతారు. మళ్ళీ నోటిఫికేషన్ వచ్చేదాకా షూలు మంచాల కింద దుమ్ము కొట్టుకుపోయి ఉంటాయి.

నేను నాలుగేళ్ళ నుంచి పరుగెత్తుతున్నాను. రోజుకు ఐదారు కిలోమీటర్లు, ఆదివారం పది. ఈ మాట చెప్తే ఎవరైనా మొదట అడిగేది ఒకటే: "ఎస్సైకా, కానిస్టేబుల్‌కా?" దేనికీ కాదంటే నమ్మరు. ఏదో దాస్తున్నానని అనుకుంటారు. "మరి ఉత్తగ ఎందుకు?" అంటారు. ఈ సంచికలో నాకు ఇచ్చిన పేజీల్లో ఆ "ఉత్తగ ఎందుకు" గురించే రాస్తాను.

ముందు కొలువు పరుగు సంగతే చూద్దాం. తెలంగాణలో 2022 నోటిఫికేషన్‌కు మగపిల్లలు 1600 మీటర్లను 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తి చేయాలన్నారు. ఆడపిల్లలకు 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. ఆంధ్రప్రదేశ్‌లో మగపిల్లలకు అదే 1600 మీటర్లకు 8 నిమిషాలు. 400 మీటర్ల ట్రాక్ మీద 1600 అంటే నాలుగు రౌండ్లు. తెలంగాణ సమయంతో లెక్క వేస్తే ఒక్కో రౌండ్‌కు దాదాపు 1 నిమిషం 49 సెకన్లు. ఏడాది పొడుగునా పరుగెత్తే ఆరోగ్యవంతుడైన ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఇది పెద్ద గండం ఏమీ కాదు. రెండు నెలల ముందు లేచినవాడికే గండం. మొదటి రౌండ్ నిమిషంన్నరలో కొట్టేసి, మూడో రౌండ్‌లో నడుము పట్టుకొని నడిచే తమ్ముళ్ళను నేను ఎందరినో చూశాను. వాళ్ళకు బలం లేక కాదు, అలవాటు లేక. మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత నెమ్మదిగా నెలల తరబడి పరుగెత్తితేనే గుండె, ఊపిరితిత్తులు దారికొస్తాయి. ఆ తర్వాతే వేగం. మనవాళ్ళు మొదటి రోజే స్టాప్‌వాచ్ పట్టుకుంటారు.

ఈ అలవాటు లేకపోవడం ఒక్కోసారి ప్రాణాల మీదికి వస్తుంది. 2024 ఆగస్టులో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాలకు దేహదారుఢ్య పరీక్ష పెట్టారు. మగవాళ్ళు గంటలో 10 కిలోమీటర్లు పరుగెత్తాలి. ఉక్కపోతలో గంటల కొద్దీ వరసలో నిలబడి, తర్వాత పరుగెత్తి, కుప్పకూలి పదిమందికి పైగా చనిపోయారు. అక్కడి ప్రభుత్వం కొన్ని రోజులు పరుగు ఆపింది. మన దగ్గరా ఉమ్మడి రాష్ట్రంలో 5 కిలోమీటర్ల పరుగు ఉండేది. అందులోనూ ప్రాణాలు పోయాయి. తర్వాత ఆ దూరం తీసేశారు. చనిపోయినవాళ్ళంతా మనలాంటివాళ్ళే. పేరు పక్కన వయసు, కులం, జిల్లా రాస్తే మన హాస్టల్ అటెండెన్స్ రిజిస్టర్‌లాగే ఉంటుంది.

2022 జూన్ 17 కూడా గుర్తు చేసుకోవాలి. ఆరోజు సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్ళు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో మన వరంగల్ జిల్లా యువకుడు ఒకరు చనిపోయారు. రైళ్ళు తగలబెట్టడం తప్పే. కానీ ఆ ప్లాట్‌ఫాం మీద చేరినవాళ్ళలో ఎక్కువమంది ఆర్మీ పరుగు పాసై, మెడికల్ కూడా పాసై, రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు. ఇంతలో అగ్నిపథ్ వచ్చి, నాలుగేళ్ళ తర్వాత నూటికి ఇరవై ఐదుగురినే ఉంచుకుంటామన్నారు, పాత రిక్రూట్‌మెంట్ రద్దయింది. వాళ్ళు పరుగెత్తిన పరుగంతా ఏమైనట్టు? ఒక ప్రభుత్వ కాగితం రాగానే కాళ్ళల్లోని సత్తువ విలువ సున్నా అయిపోయిందని ఆ పిల్లలు అనుకున్నారు. పరుగును ఒక్క కొలువుకే తాకట్టు పెడితే ఇట్లాగే ఉంటుంది.

ఇక మా ఇంటి మాట. మా నాన్న హమాలీ. మిర్చి సీజన్‌లో పొద్దున్నుంచి రాత్రిదాకా బస్తాలు మోస్తాడు. నేను సెలవులకు ఇంటికెళ్ళి పొద్దున్నే పరుగెత్తి వస్తే, వేపపుల్ల నములుతూ అడిగాడు: "ఏంది బిడ్డా, తినేదే అంతంత. దాన్ని గూడ ఉరికి పారబోసుకుంటవా?" అమ్మ ఇంకో మాట వేసింది: "పని లేనోల్లు జేత్తరు గని."

ఇది ఎగతాళి కాదు. చాలా లోతైన ప్రశ్న. తరతరాలుగా మా ఇళ్ళల్లో ఒళ్ళు అంటే కూలికిచ్చే వస్తువు. దాన్ని ఉత్తగ ఖర్చు చేయడమంటే డబ్బు పారేసుకోవడమే. పార్కులో షూ వేసుకొని నడిచే సార్లు తిన్నది అరగక నడుస్తారని మా వాడకట్టులో అందరి నమ్మకం, అందులో కొంత నిజమూ ఉంది.

కానీ నేను నాన్నను గమనించాను. ఆయన చేసే కష్టం ముందు నా ఐదు కిలోమీటర్లు ఏపాటి? అయినా యాభై దాటకముందే మోకాళ్ళు పోయాయి. నడుము ఒక పక్కకు వంగింది. సాయంత్రానికి ఆర్‌ఎంపీ దగ్గర గోలీ వేసుకోనిదే నిద్ర పట్టదు. కష్టం చేసేవాళ్ళకు వ్యాయామం ఎందుకని అందరూ అంటారు. కష్టానికీ వ్యాయామానికీ ఉన్న తేడా నాకు నాన్న ఒంట్లో కనబడింది. బస్తా ఎప్పుడు దించాలో ఆయన చేతిలో లేదు. ఒకే భుజం, ఒకే నడుము, రోజంతా. నొప్పి వచ్చినా రేపు మానేయడానికి లేదు. నేను అలిసిపోతే ఆగుతాను, నొప్పి ఉంటే రెండు రోజులు మానేస్తాను, మెల్లగా పెంచుకుంటాను. ఒళ్ళు ఎప్పుడు ఎంత కదలాలో మా ఇంట్లో సొంతంగా నిర్ణయించుకున్న మొదటి మనిషిని నేనే అనుకుంటే, ఆ పొద్దుటి గంట నాకు డిగ్రీ పట్టా అంత గొప్పగా అనిపిస్తుంది. "ఉత్తగ ఎందుకు" అనేదానికి నా దగ్గరున్న జవాబు ఇదే. నాన్నకు ఈ మాట ఇంకా చెప్పలేదు. చెప్తే నవ్వుతాడు.

తిండి సంగతి నాన్న అన్నది మాత్రం వందకు వంద శాతం నిజం. తెలంగాణలో 2024లో డైట్ చార్జీలు 40 శాతం పెంచారు. ఇంటర్ నుంచి పీజీ దాకా నెలకు 1500 ఉన్నది 2100 అయింది. సంతోషమే. రోజుకు 70 రూపాయలన్నమాట. అందులో టిఫిన్, రెండు పూటల అన్నం, గుడ్డు, చికెన్ అన్నీ రావాలి. జిమ్ముకెళ్ళే మిత్రులు కొనే ప్రోటీన్ డబ్బా ధర చాలాసార్లు మన నెల డైట్ చార్జీని దాటిపోతుంది. మనకు ఆ డబ్బా అక్కర్లేదు. రాత్రి నానబెట్టిన శనగలు గుప్పెడు, పల్లీలు, ఇచ్చిన గుడ్డు పక్కవాడికి అమ్ముకోకుండా తినడం, ఇవి చాలు ఐదు కిలోమీటర్లకు. (గుడ్డు అమ్ముకునేవాళ్ళెవరో పేర్లు రాయను. వాళ్ళకు తెలుసు.) అసలు ఇబ్బంది వేళది. పరుగు నుంచి ఆరున్నరకు వస్తే ఎనిమిదిన్నర దాకా తినడానికేమీ ఉండదు. ఆ శనగలేవో ఆరున్నరకే ఒక గిన్నెలో పెట్టిస్తే ప్రభుత్వం మీద ఒక్క పైసా భారం పడదు.

మనకు క్రీడలంటే ఇష్టం లేదని ఎవరూ అనలేరు. ఐపీఎల్ రోజుల్లో టీవీ గదిలో కాలు పెట్టే చోటుండదు. కాకపోతే మన ఇష్టమంతా కళ్ళల్లోనే ఉంది. మొన్నటిదాకా కొంత జేబుల్లోనూ ఉండేది. 2025 ఆగస్టులో కేంద్రం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం తెచ్చాక ఫోన్లో టీములు కట్టి స్కాలర్‌షిప్ పోగొట్టుకోవడం కొంచెం తగ్గింది.

2024 పారిస్ ఒలింపిక్స్‌కు దేశం నుంచి 117 మంది వెళ్ళి 6 పతకాలు తెచ్చారు. తర్వాత అదే పారిస్‌లో పారాలింపిక్స్‌లో 29 పతకాలు వచ్చాయి. ఆ 29లో ఒకటి మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజిది. 400 మీటర్లు, 55.82 సెకన్లు, కాంస్యం. అంతకుముందు అదే ఏడాది జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టి బంగారు పతకం గెలిచింది. కూలీ ఇంటి పిల్ల. పుట్టుకతో వచ్చిన మేధోపరమైన లోపం వల్ల చిన్నప్పుడు ఊళ్ళో ఎన్ని మాటలు పడిందో వాళ్ళ అమ్మానాన్నలే చెప్పారు. ఆ పిల్ల కాళ్ళల్లో ఏముందో మొదట కనిపెట్టింది ఎవరు? ఊరి బడిలోని పీఈటీ సారు. విశాఖపట్నం జ్యోతి యర్రాజీ సంగతీ అంతే. తండ్రి సెక్యూరిటీ గార్డు. బడిలో పీఈటీ చూసి హర్డిల్స్ వైపు పంపించారు. 2023లో, మళ్ళీ 2025లో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా ఛాంపియన్ అయింది.

"మన సంక్షేమ శాఖ పిల్లలు కూడా చేశారు కదా" అని మీరనొచ్చు. నిజమే. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం గెలిచిన అగసర నందిని కూడా గురుకులం విద్యార్థినే, టీ కొట్టు నడిపే తండ్రి కూతురు. వాళ్ళను చూసి గర్వపడదాం. కానీ గురుకులం వేరు, మన హాస్టల్ వేరు. బయటివాళ్ళకు రెండూ ఒకటే అనిపిస్తాయి. గురుకులంలో బడి, వసతి ఒకే ఆవరణలో ఉంటాయి, పీఈటీ ఉంటాడు, మైదానం ఉంటుంది. మనకు వార్డెన్, వంటమనిషి, కామాటి, వాచ్‌మన్. నలుగురితో పోస్టులు సరి. మనం చదివే బడిలోనో కాలేజీలోనో పీఈటీ ఉంటే ఉంటాడు. సాయంత్రం ఐదు తర్వాత, పొద్దున ఎనిమిదికి ముందు, అంటే ఆట ఆడే వేళలోనే, మనకు ఎవరూ ఉండరు. మన మధ్య ఒక దీప్తి ఉన్నా, ఒక నందిని ఉన్నా, చూసే కళ్ళు లేవు. ఒక్కో హాస్టల్‌కు ఒక పీఈటీ అసాధ్యమనుకుంటే, టౌన్‌లో నాలుగైదు హాస్టళ్ళకు కలిపి ఒకరిని వేయొచ్చు. 2030 కామన్వెల్త్ క్రీడలు అహ్మదాబాద్‌కు వచ్చాయి. ఇవాళ ఎనిమిదో తరగతి హాస్టల్లో కంచం కడుక్కుంటున్న పిల్లవాడికి అప్పటికి పదిహేడు, పద్దెనిమిదేళ్ళు ఉంటాయి.

ఇంకో విచిత్రం చూడండి. దీప్తి పతకం తేగానే రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. నిఖత్ జరీన్‌కు, సిరాజ్‌కు డీఎస్పీ పదవులు ఇచ్చింది. ఇవ్వాల్సిందే, ఇంకా ఇచ్చినా తప్పులేదు. కానీ ప్రపంచంలో ఎక్కడ గెలిచినా పరుగు మళ్ళీ తిరిగి తిరిగి కొలువు దగ్గరికే వచ్చి ఆగుతోంది.

ఇక ఎక్కడ పరుగెత్తాలి అనేది. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో మంచి సింథటిక్ ట్రాక్ ఉంది. 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు అక్కడే జరిగాయి. మనకు మాత్రం అది దూరం. మిగిలింది రోడ్డు. తెల్లవారుజామున ఇసుక లారీలు, వాటి కంటే ముందు కుక్కలు. ఎనభై దాటాక పరుగు మొదలుపెట్టి, వందేళ్ళ వయసులో 2011లో టొరంటో మారథాన్ పూర్తి చేసిన ఫౌజా సింగ్ తాత గురించి చదివే ఉంటారు. 114 ఏళ్ళ వయసులో, 2025 జూలై 14న, పంజాబ్‌లోని సొంత ఊరి రోడ్డు దాటుతుంటే బండి గుద్ది చనిపోయారు. అంతటి మనిషిని వయసు ఏమీ చేయలేకపోయింది, రోడ్డు తీసుకుపోయింది. హైదరాబాద్‌లో రోడ్లు మూసి మారథాన్‌లు పెడతారు, నిజమే. పది కిలోమీటర్ల పరుగుకు కూడా ఫీజు వెయ్యి దాటుతుంది. రోడ్డు మీద నడవడానికి వెయ్యి రూపాయలు కట్టేవాళ్ళున్నారంటే మా అమ్మ అన్న మాట మళ్ళీ గుర్తొస్తుంది.

అమ్మాయిల హాస్టల్‌లో ఆ రోడ్డు కూడా లేదు. పొద్దున ఆరున్నర దాకా గేటు తీయరు. భద్రత కోసమే అంటారు, కాదనను. కానీ 800 మీటర్ల పరీక్ష వాళ్ళకూ ఉంది. మా క్లాస్‌మేట్స్ ఇద్దరు డాబా మీద, బట్టలు ఆరేసిన తీగల కింద వంగి వంగి, గుండ్రంగా తిరిగి ప్రాక్టీస్ చేశారు. ఇద్దరూ ఈవెంట్స్ క్వాలిఫై అయ్యారు. వాచ్‌మన్‌ను తోడిచ్చి ఐదున్నరకు గేటు తీసే ఏర్పాటు చేయమని వార్డెన్ మేడమ్‌ను వాళ్ళే రాతపూర్వకంగా అడగబోతున్నారు. మనం కూడా సంతకాలు పెడదాం.

మన హాస్టల్ వెనుక సర్కారు తుమ్మ మొలిచిన జాగా అర ఎకరం పైనే ఉంది. వార్డెన్ సారును అడిగితే, పాములు తప్ప ఎవరూ అభ్యంతరం పెట్టరని నవ్వారు. నేను, మా రూమ్మేట్ తాడు పట్టి కొలిచాము. అంచుల వెంట తిరిగితే ఒక రౌండ్ 200 మీటర్లు వస్తుంది. ఎనిమిది రౌండ్లు వేస్తే 1600. తుమ్మ కొట్టి, రాళ్ళు ఏరి, రెండు ట్రాక్టర్ల మొరం పోస్తే సరిపోతుంది. మొరానికి పీజీ సీనియర్లం తలా కొంత వేసుకుంటున్నాము. వార్షికోత్సవం అయిన తర్వాత వచ్చే ఆదివారం పొద్దున ఐదున్నరకు అక్కడ ఉంటాము. గొడ్డలి, పార, గడ్డపార ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. చెప్పులతో మాత్రం రావద్దు, తుమ్మ ముల్లు అరికాలు దాకా దిగుతుంది.