అయ్యగారి ఫోటో, దొంగ నంబరు



గద్వాల దగ్గరి పల్లెలో ఉండే మా చిన్నమ్మకు పోయిన నెల వాట్సాప్‌లో మెసేజ్ వచ్చింది. పైన పాస్టరయ్య ఫోటో, నంబరు మాత్రం కొత్తది. "వందనాలమ్మా. మన విశ్వాసి ఒకామె ఆసుపత్రిలో ఉంది. నేను ప్రార్థనలో ఉన్నా, ఫోన్ చేయొద్దు. ఐదు వేలు వెంటనే పంపు." సీడు పత్తి చేలల్లో కూలికి పోయి దాచుకున్న డబ్బు పంపేసింది. ఆదివారం చర్చిలో "ఆమెకు ఎట్లుంది అయ్యా?" అని అడిగితే గాని మోసం బయటపడలేదు.

ఠాణాకు పోదామంటే రానంది. "చర్చి పేరు చెప్పాల గదా నాయనా. పిల్లగాని సర్టిఫికెట్ తీసేస్తే?"

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులైన దళితులు ఇప్పటికీ బయటే. మన రాష్ట్రంలో వాళ్లకు దక్కేది బీసీ-సీ. మెన్నోనైట్ మిషన్ కాలం నుంచీ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మాల మాదిగ వాడల్లో చర్చి ఉంది. చర్చికి పోయినా అంటరానితనం మనల్ని వదల్లేదు. చట్టం మాత్రం వదిలేసింది. దొంగకు ఈ ఉత్తర్వు సంగతి తెలియకపోవచ్చు. దాని వల్ల పుట్టిన మన మౌనం మాత్రం వాడికే లాభం.

చిన్నమ్మకు చెప్పిందే మీకూ చెబుతున్నా. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఏ ఖాతా నుంచి, ఎప్పుడు, ఎంత పోయిందో చెప్పండి. ఎంత తొందరగా చెబితే డబ్బును దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ. వేరొకరి పేరుతో ఆన్‌లైన్‌లో మోసం చేయడం ఐటీ చట్టం 66డి కింద నేరం, మూడేళ్ల దాకా జైలు. మోసపోయిన మనిషి మతంతో ఆ నేరానికి సంబంధం లేదు.

కొత్త నంబరు, తొందర పెట్టడం, "ఫోన్ చేయొద్దు", "ఎవరికీ చెప్పొద్దు". వీటిలో ఒక్కటి కనబడినా అయ్యగారి పాత నంబరుకు ఫోన్ చేయండి. డబ్బు పంపే ముందు తెరమీద కనబడే పేరు చదవండి, చదువు రాకపోతే పిల్లలతో చదివించండి.

పాస్టరయ్యలకూ ఒక మాట. కానుకలకు సంఘం ఖాతా ఒక్కటే పెట్టి, రసీదు ఇవ్వండి. ఫోన్‌లో డబ్బు అడగమని ఆరాధనలోనే ప్రకటించండి. అయ్యగారిని అడగడం అవిశ్వాసం కాదని మీరే చెప్పాలి. ఎవరినైనా ప్రశ్నించవచ్చని బాబాసాహెబ్ నేర్పాడు గదా.

చిన్నమ్మ చివరికి 1930కి ఫోన్ చేసింది. డబ్బు ఇంకా రాలేదు. మరుసటి ఆదివారం సాక్ష్యాల వేళ లేచి నిలబడి జరిగింది చెప్పింది. వెనక వరుసలోంచి ఇద్దరు ఆడవాళ్లు లేచారు. "మాకూ అట్లే అయింది అక్కా" అన్నారు.