అటకెక్కిన హార్డ్ డిస్కు

మన ఉద్యోగులలో పలువురి ఇండ్లలో పాత కంప్యూటరు ఏనాడో పాత సామాన్లవానికి వెళ్ళిపోయినా, దాని హార్డ్ డిస్కు మాత్రం అటక మీద ఏదో అట్టపెట్టెలో ఉండి ఉంటుంది. అమ్మాయి పెండ్లి ఫోటోలు, కాలం చేసిన తండ్రిగారి లేఖలు అందులో ఉన్నవన్న సంగతి అవసరం పడినప్పుడే గుర్తుకు వస్తుంది.

ఆ డిస్కును నేటి కంప్యూటరుకు కలపటం కష్టం కాదు. వెడల్పాటి రిబ్బను తీగ తగిలే 40 సూదుల డిస్కు ఐడీఈ. 2003 ప్రాంతం నుండి వచ్చిన సన్నని కనెక్టరుది సాటా. రెండింటినీ యుఎస్‌బికి కలిపే అడాప్టర్లు దొరుకుతాయి. 3.5 అంగుళాల డిస్కుకు 12 వోల్టుల విద్యుత్తు వేరుగా అందించేదే కొనవలెను.

అసలు చిక్కు ఆ తరువాత. డిస్కు మీద సమాచారాన్ని అమర్చే పద్ధతిని ఫైల్ సిస్టం అంటారు. డాస్‌ది ఫ్యాట్, 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చినది ఎన్‌టీఎఫ్‌ఎస్, లినక్స్‌ది ఎక్స్‌ట్, 1985 నాటి మెకింటోష్‌ది హెచ్‌ఎఫ్‌ఎస్. తాను ఎరుగని పద్ధతి ఎదురైతే విండోస్ ఆ మాట చెప్పదు. డిస్కును ఫార్మాట్ చేయమంటారా అని తరచు అడుగుతుంది. ఇంతకంటె అపాయకరమైన మర్యాద మరొకటి లేదని మా అభిప్రాయం. ఖాళీ డిస్కు కాబోలునని 'సరే' నొక్కితే ఫైళ్ళ సూచిక చెరుగుతుంది. పూర్తి ఫార్మాట్ అయితే, విస్టా నాటి నుండి, డిస్కంతటా సున్నాలు వ్రాయబడతాయి. ఆపైన నిపుణులు కూడ చేయగలిగినది లేదు. ఆ ప్రశ్నకు జవాబు ఎల్లప్పుడూ 'వద్దు' అనియే.

ఆపిల్ వారు సైతం తమ తొలి హెచ్‌ఎఫ్‌ఎస్‌ను చదివే వీలును 2019 నాటి కాటలీనాలో తొలగించినారు. అన్ని ఇళ్ళ తాళాలూ తన వద్ద ఉంచుకొన్నది లినక్స్ ఒక్కటే. పైన చెప్పిన పద్ధతులన్నింటినీ అది చదువగలదు; పెన్‌డ్రైవ్ నుండియే నడుస్తుంది గనుక మీ కంప్యూటరులో ఏదీ మార్చనక్కరలేదు. డిస్కును 'చదువుటకు మాత్రమే' అన్న రీతిలో తెరవవలెను. ముందుగా డీడీరెస్క్యూ అనే ఉచిత సాధనంతో డిస్కుకంతకూ నకలు తీసి, ఆ నకలు మీదనే పని చేయటం మరీ మేలు. డిస్కు టకటకమని చప్పుడు చేస్తే వెంటనే విద్యుత్తు ఆపివేసి నిపుణులకు చూపవలెను.

ఫైలు తెరచుకొన్నా, తెలుగు లేఖలు వింత ఇంగ్లీషు అక్షరాలుగా కనిపించవచ్చు. అవి చెడిపోలేదు. యూనికోడ్ వాడుకలోకి రాకముందు పెక్కు తెలుగు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలోనే తెలుగు రూపాలను అమర్చినవి. ఆనాటి ఫాంటు ఉంటేనే ఆ లేఖ మరల తెలుగవుతుంది. కనుక లేఖలతోపాటు, పాత డిస్కులోని విండోస్ ఫోల్డరు లోపల ఉండే 'ఫాంట్స్' ఫోల్డరును కూడ తప్పక నకలు తీసుకొనవలెను.