మదురై సుల్తానుల నాణేల సాక్ష్యం

ఇస్లామీయ బంగారు నాణేనికి రూపం దిద్దినవాడు ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మాలిక్. హిజ్రీ 77లో, అంటే క్రీ.శ. 696-97లో, ఆయన దీనారు మీద బొమ్మలు తీసేయించి రెండు వైపులా అరబ్బీ అక్షరాలే నింపాడు. నడుమ ఏకదైవ విశ్వాసం, అంచున ముద్రించిన సంవత్సరం. తూకం సుమారు 4.25 గ్రాములు.

ఆరు శతాబ్దాల తరవాత ఆ పద్ధతి తెలుగునేలకు వచ్చింది. 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనల వశమై సుల్తాన్‌పూర్ అయింది. తుగ్లక్‌ల బంగారు టంకాలు కొన్నింటిపై టంకశాల పేరు ‘ముల్క్-ఎ-తిలంగ్’. ముహమ్మద్ బిన్ తుగ్లక్ దీనారు దాదాపు 13 గ్రాములు తూగేది. దక్షిణాది నుంచి తరలిపోయిన బంగారమే ఆ బరువుకు ఆధారమన్నది చరిత్రకారులు తరచు చెప్పే మాట.

1330ల నడుమ, ఢిల్లీ తరఫున తమిళసీమలోని మాబర్‌ను ఏలుతున్న జలాలుద్దీన్ అహ్సన్ షా ఢిల్లీని ధిక్కరించి మదురైలో స్వతంత్రుడయ్యాడు. ఈ సుల్తానుల నాణేలు ఎక్కువగా రాగివీ, వెండి కలిసిన రాగివీ. చిన్నవే అయినా వాటి అక్షరాల్లో గొప్ప ఆత్మవిశ్వాసం ఉంది. అహ్సన్ షా తనను ‘తాహా, యాసీన్‌ల వంశజుడు’ అని, ‘ఫకీర్లకూ నిరుపేదలకూ తండ్రి’ అని చెప్పుకున్నాడు. ఖురాన్ అధ్యాయాల పేర్లైన ఆ రెండూ ప్రవక్తకు బిరుదులు. అంటే నిన్నటి ఢిల్లీ ఉద్యోగి ఏకంగా ప్రవక్త వంశాన్నే తన అధికారానికి అండగా నిలుపుకున్నాడు. అతని అల్లుడు, యాత్రికుడు ఇబ్న్ బతూతా ఈ దర్బారు గురించి రాశాడు. కానీ ఏ సుల్తాను ఏ ఏట ఏలాడో తేల్చడానికి నాణేలే ముఖ్యాధారం.

ఇక్కడే అసలు చిక్కు. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు కుమార కంపన మదురైపై చేసిన దండయాత్రను అతని భార్య గంగాదేవి ‘మధురావిజయం’గా కావ్యం చేసింది. ఆ విజయం తరవాత 1371లో శ్రీరంగనాథుడి పునఃప్రతిష్ఠ జరిగింది. మదురై సుల్తానుల కథ దానితోనే ముగిసిందనుకోవడం మామూలు. అయితే మదురై సుల్తాను సికందర్ షా నాణేలు హిజ్రీ 779 వరకు, అంటే 1377-78 వరకు దొరుకుతున్నాయి. విజయాన్ని పాడిన కావ్యం కన్నా సంవత్సరంతో పడిన ముద్రను నమ్మడమే న్యాయం. ఓడిన తరవాత కూడా ఆ రాజ్యం ఏదో ఒక మూల కొన్నేళ్లు నిలిచి ఉండాలి.

కోయంబత్తూరు, మదురై సీమల తెలుగు కుటుంబాలు ఎన్నో తమ వలసను విజయనగర, నాయక సేనల రాకతో ముడిపెట్టి చెప్పుకుంటాయి. ఆ వలసకు దారి తెరిచిన మార్పు ఒక్క యుద్ధంతో పూర్తి కాలేదని ఈ రాగి బిళ్లలు చూపుతున్నాయి. సికందర్ షా నాణేలు ఇంకా పడుతున్న 1377లోనే గద్దెనెక్కిన రెండవ హరిహరరాయల బంగారు నాణేలపై ఉమామహేశ్వరుల బొమ్మ, నాగరి లిపిలో రాజు పేరు ఉన్నాయి.