ఇంటికి వచ్చిన డిగ్రీ, ఇంటిపై పడిన ఖర్చు

ఇంటర్ ముగించిన ఆడపిల్లకు మన ఇళ్లలో ఇప్పుడొక కొత్త సలహా లభిస్తున్నది: ‘ఆన్‌లైన్‌లో డిగ్రీ చేయవచ్చు కదా, కాలేజీ దాకా ఎందుకు?’ చెప్పేవారి ఉద్దేశం మంచిదే. వేళకు బస్సు రాని ఊళ్లకు, హాస్టల్ సీటు దొరకని పిల్లలకు అదొక మార్గమే. అయితే ప్రభుత్వ విధానమే ఆ మాట మాట్లాడినప్పుడు మనం లెక్క అడగాలి.

దూరవిద్యను చిన్నచూపు చూడడం తెలుగునేలకు తగదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులోనే పుట్టింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. 1998లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కూడా దూరవిద్యతోనే ఆరంభమై, ఆపైన గచ్చిబౌలిలో తరగతులను, హాస్టళ్లను సమకూర్చుకున్నది. అక్కడ దూరవిద్య ప్రాంగణానికి దారి వేసింది. నేటి నడక అందుకు తలకిందులు.

2017లో కేంద్రం ఉన్నత విద్యా రుణ సంస్థ ‘హెఫా’ను నెలకొల్పింది. ఒకప్పుడు గ్రాంటుగా వచ్చిన భవనాల సొమ్ము ఇప్పుడు అప్పుగా వస్తున్నది. సంస్థను బట్టి అసలు మొత్తాన్నో, అందులో కొంత భాగాన్నో సొంత ఆదాయం నుంచి తీర్చాలి. విశ్వవిద్యాలయానికి సొంత ఆదాయమంటే ప్రధానంగా ఫీజులే. హాస్టల్ కట్టనక్కరలేని, తరగతి గది చూపనక్కరలేని ఆన్‌లైన్ కోర్సు అటువంటి యాజమాన్యానికి ఎంత ఆకర్షణీయమో వేరే చెప్పాలా?

ఈ డిగ్రీ ప్రాంగణ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో స్పష్టం చేసింది. సంతోషం. కానీ సహాయం దగ్గరికి వచ్చేసరికి ఆ సమానత్వం కనిపించదు. తెలంగాణ ఫీజు రీయింబర్స్‌మెంటు నిబంధనలు ఆన్‌లైన్ కోర్సుల వారిని మినహాయించాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరవిద్య చదివేవారికి ఆ పథకం వర్తించలేదు. అంటే కాలేజీకి వెళితే ప్రభుత్వం కట్టవలసిన ఫీజును, ఇంట్లో కూర్చుని చదివిన పాపానికి తండ్రి కట్టాలి. ఖజానాకు మిగులు, ఆటో నడిపే తండ్రికి అప్పు.

ఇది ఏ సమయంలో జరుగుతున్నదో చూడండి. కేంద్రం సర్వే ప్రకారం 2019-20లో సుమారు 21 లక్షలున్న ముస్లిం విద్యార్థుల నమోదు 2020-21లో 19 లక్షల 21 వేలకు పడిపోయింది. కోవిడ్ కారణమనవచ్చు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీల నమోదు అదే ఏడాది పెరిగింది మరి. ఆ తగ్గుదలకు మందు వేయవలసిన కేంద్రం 2022-23 నుంచి మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను ఆపివేసింది.

తప్పంతా పాలకులదేనని తప్పుకోలేము. అమ్మాయి గడప దాటనక్కరలేదన్న నిశ్చింతతో ఆన్‌లైన్‌ను ఎంచుకునే తల్లిదండ్రులు మనలో తక్కువేమీ కాదు. గ్రంథాలయం, సహాధ్యాయులు, తప్పును ఎదుటనే సరిదిద్దే అధ్యాపకురాలు: ఇవేవీ ఫోను తెరలో ఇమడవు. పైగా ఆ ఫోను తమ్ముడిది; రాత్రి పదింటికి గాని అక్క చేతికి రాదు.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఆన్‌లైన్, దూరవిద్య కోర్సులకు ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తింపజేయాలని మన సంఘాలు రెండు రాష్ట్రాల మైనారిటీ సంక్షేమ శాఖలకు వినతిపత్రాలు ఇవ్వాలి. ఆడపిల్లల హాస్టళ్ల డిమాండును ఆ పత్రంలోనే చేర్చాలి, విడిగా కాదు. ఈలోగా ఫీజు కట్టబోయే కుటుంబాలు ఆ కోర్సుకు ఆ విద్యాసంవత్సరానికి అనుమతి ఉన్నదో లేదో యూజీసీ దూరవిద్యా బ్యూరో జాబితాలో చూసుకున్న తరువాతే డబ్బు చెల్లించాలి.