పార్ట్ వన్ గడిలో ఏం రాయాలి?

ప్లస్ టూ ఫలితాలు వచ్చాయంటే చాలు, బడి ఆఫీసుకు వచ్చే తల్లిదండ్రులు అడిగే మాట ఒకటుంది. "కాలేజీ అప్లికేషనులో పార్ట్ వన్ లాంగ్వేజి అని ఒక గడి ఉందండీ. అక్కడ తెలుగు అని రాస్తే పిల్లకు ఏమైనా ఇబ్బందా?" చూడ్డానికి చిన్న ప్రశ్నే. కానీ ఆ గడి వెనక నూరేళ్ళకు పైబడిన కథ ఉంది. అది తెలిస్తే అక్కడ ఏం రాయాలో మనకే తోస్తుంది.

మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో పుట్టింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చేదాకా బరంపురం నుంచి బళ్ళారి దాకా, ఈ రాజధానిలోని తెలుగు పిల్లలందరికీ డిగ్రీ ఇచ్చే చోటు ఇదొక్కటే. విజయనగరంలో చదివిన గురజాడ అప్పారావుగారు పట్టా పొందింది ఇక్కడినుంచే. తిరుత్తణి ప్రాంతపు తెలుగింటిలో పుట్టి మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివిన సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారిదీ ఇదే విశ్వవిద్యాలయం.

ఇంత పెద్ద సంస్థకు పిల్లలందరూ ఒకే అచ్చులో ఉంటేనే సులువు. ఒకే పాఠం, ఒకే ప్రశ్నపత్రం, ఒకే రకం జవాబు. ఒక్కో పిల్లవాడు ఒక్కో ఇంటినుంచి, ఒక్కో మాటతో వస్తాడన్న సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. ఆ పోరాటం మొదట జరిగింది మన తెలుగు మీదనే.

1911 ప్రాంతంలో ఒక ప్రశ్న లేచింది. పరీక్షలో పిల్లలు తెలుగు వ్యాసం ఏ తెలుగులో రాయాలి? పుస్తకాల్లోని గ్రాంథికంలోనా, నోట పలికే వాడుక భాషలోనా? గురజాడవారు అప్పుడు విశ్వవిద్యాలయ పాఠ్య సంఘంలో సభ్యులు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుక భాష పక్షాన ఊరూరా తిరిగి వాదించారు. జయంతి రామయ్య పంతులుగారి వర్గం గ్రాంథికమే ఉండాలంది. ఉపసంఘంలో మెజారిటీ గ్రాంథికానిదే అయింది. గురజాడవారు తలవంచలేదు. 1914లో తన అసమ్మతిని పెద్ద పత్రంగా రాసి సమర్పించారు. మరుసటి ఏడాదే కన్నుమూశారు. అంటే ఆయన ఓడిపోయే పోయారు.

మరి ఇప్పుడో? వాడుక భాషలో రాశాడని ఏ పిల్లవాడికీ మార్కులు తగ్గవు. మనం చదివే పేపరు, పాఠ్యపుస్తకం అన్నీ ఆ భాషలోనే ఉన్నాయి. విశ్వవిద్యాలయం ఒక్కరోజులో మారలేదు. అడిగేవాళ్ళు అడుగుతూ, రాసేవాళ్ళు రాస్తూ ఉన్నందువల్ల మారింది. ఇది గుర్తు పెట్టుకోవాలి.

ఇక నేటి సంగతి. డిగ్రీలో పార్ట్ వన్ ఒక భాష, పార్ట్ టూ ఇంగ్లీషు, పార్ట్ త్రీ అసలు సబ్జెక్టు. పార్ట్ వన్‌లో తమిళమే తీసుకోవాలని లేదు. తెలుగు, హిందీ, సంస్కృతం, ఫ్రెంచి వంటివీ ఉన్నాయి. మరి తమిళం రాకుండానే పట్టా పుచ్చుకుంటే ఈ ఊళ్ళో బతుకెట్లా అంటారా? దానికీ దారి పెట్టారు. ప్లస్ టూ దాకా తమిళం చదవని పిల్లలు పార్ట్ వన్‌లో వేరే భాష తీసుకుంటే, పార్ట్ ఫోర్‌లో ఆరో తరగతి స్థాయి తమిళం రెండు కోర్సులు చదవాలి. తమిళం చదివి ఉండి కూడా వేరే భాష తీసుకున్నవాళ్ళకు అడ్వాన్స్‌డ్ తమిళం. నా లెక్కన ఇది మంచి ఏర్పాటు. ఇంటి భాషను వదిలించదు, ఊరి భాషకు దూరం చేయదు. ఎవరి స్థాయిని బట్టి వాళ్ళకు పాఠం.

దీని పక్కన మరో నిర్ణయాన్ని పెట్టి చూడండి. 2023 ఏప్రిల్‌లో యూజీసీ దేశంలోని విశ్వవిద్యాలయాలకు ఒక మాట చెప్పింది. కోర్సు ఇంగ్లీషు మీడియమే అయినా, విద్యార్థి స్థానిక భాషలో పరీక్ష రాస్తానంటే రాయనివ్వమంది. విని సంతోషించాం. కానీ స్థానిక భాష అంటే ఏది? విశాఖలో పిల్లకు తెలుగు, మధురైలో పిల్లకు తమిళం. మరి చెన్నైలో, హోసూరులో తరతరాలుగా ఉన్న తెలుగు పిల్లకు? స్థానిక భాష అన్నప్పుడు లెక్కకు వచ్చేది వీధి భాషే, ఇంటి భాష కాదు. బరంపురంలో, బళ్ళారిలో ఉన్న మనవాళ్ళదీ ఇదే తంటా. భాష పేర ఇచ్చే సౌకర్యం కూడా ఎక్కువమందిని చూసి ఇచ్చేదే. తక్కువమంది అందులోంచి జారిపోతారు.

అందుకే పార్ట్ వన్ గడి మనకు ముఖ్యం. డిగ్రీ చదువులో మన భాషకు ఇంకా తలుపు తీసి ఉన్న చోటు అది. అయితే ఒక చిక్కు ఉంది. నిబంధనల్లో తెలుగు ఉన్నంత మాత్రాన ప్రతి కాలేజీలో తెలుగు క్లాసు ఉండదు. పిల్లలు చేరకపోతే క్లాసు జరగదు. క్లాసు లేకపోతే పంతులుగారి ఉద్యోగం ఖాళీ అయినప్పుడు నింపరు. ఆ తర్వాత అడిగినా "ఇక్కడ లేదు" అనే జవాబే వస్తుంది. ఈ తలుపును ఎవరూ మూయనక్కరలేదు. మనం వెళ్ళకపోతే అదే మూసుకుంటుంది.

సులువుగా మార్కులు వస్తాయని మన పిల్లలే ఫ్రెంచి వైపు పోవడం చూస్తున్నాం. తప్పని అనను, ఎవరి ఇష్టం వాళ్ళది. కానీ పన్నెండేళ్ళు తెలుగు చదివిన పిల్లకు తెలుగే కష్టమవుతుందా అని ఒక్కసారి ఇంట్లో కూర్చుని ఆలోచించండి.

అప్లికేషను పెట్టే ముందు కాలేజీలో మూడు సంగతులు అడగండి. తెలుగు క్లాసు ఈ ఏడు నిజంగా జరుగుతుందా? కనీసం ఎంతమంది చేరితే నడుపుతారు? పార్ట్ ఫోర్‌లో మా పిల్లకు ఏ తమిళం వస్తుంది? మన పిల్లలు ఇప్పుడు పదో తరగతి దాకా తమిళం చదువుతున్నారు కాబట్టి ఈ మూడోదాన్ని తప్పక తేల్చుకోండి. చేరేవాళ్ళు తక్కువైతే మన బడినుంచి వెళ్ళే నలుగురూ ముందే మాట్లాడుకుని ఒకే కాలేజీలో అడిగితే, ఆ మాటకు బలముంటుంది.

గురజాడవారు ఒంటరిగా అసమ్మతి రాశారు. మనల్ని అంత అడగడం లేదు. గడిలో మూడక్షరాలు రాయమంటున్నారు, అంతే.